అనంతపురంలో గానుగ నూనె, కొర్రలు, బెల్లం: ఏం చూసి కొనాలి?

మీరు అడిగింది: బెంగళూరు నుంచి అనంతపురానికి మారారు, వంటింటి సరుకుల్లో వీలైనన్ని ఇక్కడి రైతులు పండించి ఇక్కడే తయారుచేసినవి కొనాలనుకుంటున్నారు. ధర మాత్రం సూపర్ మార్కెట్ కన్నా చాలా ఎక్కువ చెబుతున్నారు, అసలుదో కాదో తెలియడం లేదు. ఎక్కడ కొనాలి, ఏం చూడాలి?

ఎక్కడ అన్నది చివర్లో చెబుతాను. దానికన్నా ముందు అమ్మేవాళ్లను రెండు మాటలు అడగడం అలవాటు చేసుకోండి: ఇది ఏ పంట సరుకు, ఎప్పుడు ఆడింది? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ల దగ్గర సంచి మీద ఏ ముద్రా లేకపోయినా కొనవచ్చు. "ఆర్గానిక్ అండీ, మందులు కొట్టలేదు" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయేవాళ్ల దగ్గర తొందరపడకండి. ఇక్కడి సరుకు చెడిపోయేది ఎక్కువగా పొలంలో కాదు; ఎండబెట్టడంలో, నిల్వలో, ఆడించడంలో.

నూనెతో మొదలుపెడతాను. అనంతపురం అంటేనే చెనిక్కాయ (వేరుశనగ), అన్నిటికన్నా ఎక్కువ మోసం జరిగేదీ గానుగ నూనెలోనే.

ముందు ధర లెక్క తెలుసుకోండి. మంచి చెనిగ పప్పులో బరువులో దాదాపు సగం నూనె ఉంటుంది. చెక్క గానుగ అదంతా పిండలేదు, నూటికి 40 పాళ్ల వరకు తీస్తుంది. అంటే 25 కిలోల పప్పు ఆడిస్తే 10 నుంచి 11 లీటర్లు వస్తుంది. లీటరుకు సుమారు 2.3 కిలోల పప్పు పడుతుంది. కాయల్లో చెప్పాలంటే, ఒలిస్తే కిలోకు 700 గ్రాముల పప్పు వస్తుంది కాబట్టి లీటరుకు మూడుంపావు కిలోల కాయలు. పప్పు కిలో 130 రూపాయలు ఉందనుకుంటే లీటరుకు పప్పు ఖర్చే 299. నూనె తీయగా మిగిలే పిప్పి, అంటే చెనిగ చెక్క, 1.3 కిలోలు పశువుల దాణాకు అమ్మితే కిలో 40 చొప్పున ఓ 52 రూపాయలు తిరిగొస్తాయి. ఆడించిన కూలి, కరెంటు, సీసా, తరుగు కలిపి మళ్లీ 45 వేసుకోండి. లాభం ఏమీ వేసుకోకుండానే 290 అయింది. అలాంటప్పుడు ఎవరైనా 220కి "స్వచ్ఛమైన గానుగ నూనె" ఇస్తున్నారంటే ఆ తేడా పామాయిల్ దగ్గర నుంచో, పప్పు నాణ్యత దగ్గర నుంచో వచ్చి ఉంటుంది. మార్కెట్ యార్డులో ఆ వారం పప్పు ధర తెలుసుకుని ఇదే లెక్క మీరే వేసుకోండి, ఏ ఏడాదికైనా పనికొస్తుంది.

ఇంకో చిన్న సంగతి: కొందరు కిలో లెక్కన, కొందరు లీటరు లెక్కన అమ్ముతారు. లీటరు నూనె 910 గ్రాములే తూగుతుంది. 15 కిలోల డబ్బా అంటే 16 లీటర్ల పైమాట. పోల్చే ముందు రెండూ ఒకే కొలతలోకి తెచ్చుకోండి.

ఇప్పుడు అసలు విషయం. గానుగ నూనె కొనేవాళ్లలో చాలామంది చెక్క రోలా ఇనుప రోలా, వేడెక్కిందా లేదా అనే అడుగుతారు. పప్పు ఎలాంటిదని అడగరు. మన దగ్గర బొద్దుగా ఉన్న పప్పు తినడానికి, ఎగుమతికి పోతుంది. ముడుచుకుపోయినవి, విరిగినవి, రంగు మారినవి ఏరి నూనె మిల్లులకు తోస్తారు. ఆ ముడుచుకున్న, దెబ్బతిన్న గింజల్లోనే బూజు ఎక్కువ. కాయ ఊరే రోజుల్లో వానలు ఆగిపోతే చేనులోనే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది. ఈ జిల్లాలో అది అరుదేమీ కాదు. పీకిన తర్వాత వాన తగిలి కుప్ప తడిసినా అంతే. ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీసే విషం. దానికి రంగు, వాసన, రుచి లేవు. వేయించినా, కాచినా పూర్తిగా పోదు. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసేటప్పుడు అది దాదాపుగా తొలగిపోతుంది. గానుగ నూనెకు ఆ శుద్ధి ఉండదు. అందుకే రిఫైన్డ్ నూనె కన్నా గానుగ నూనెకే మంచి పప్పు కావాలి. చౌక పప్పుతో ఆడిన గానుగ నూనె కొనేకన్నా మామూలు రిఫైన్డ్ ప్యాకెట్టే మేలని నా గట్టి అభిప్రాయం.

దీనికి మందు ఒకటే, పప్పు మీరే కొని ఆడించుకోవడం. పట్టణంలో ఇప్పుడు మోటారుతో తిరిగే చెక్క గానుగలు చాలానే వచ్చాయి, మన పప్పు తెస్తే కూలికి ఆడి ఇస్తారు. రైతు దగ్గర కాయలే కొనండి, పప్పు కాదు. పొట్టులో ఉన్న కాయ, తేమ 8 శాతం లోపు ఆరితే, ఆరేడు నెలలు నిలుస్తుంది. ఒలిచిన పప్పు రెండు మూడు నెలలకే కారు వాసన మొదలవుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే కాయను చెవి దగ్గర ఊపండి, గింజ గలగలలాడాలి. ఒలిచి గింజ మీద పొర వేళ్లతో నలిపితే తేలిగ్గా ఊడాలి, గింజ విరిస్తే టక్కున రెండు బద్దలవ్వాలి. మెత్తగా వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఆడించే ముందు పప్పును చాటలో పోసి ముడుచుకున్నవీ, నల్లబడినవీ, పసుపు పచ్చగా, ఆకుపచ్చగా బూజు కనిపించేవీ ఏరి పారేయండి. వాటిని పశువులకు కూడా వేయొద్దు, ఆ విషం పాలలోకి వస్తుంది. 25 కిలోలు ఏరడం ఇద్దరికి ఒక పూట పని. ఈ ఒక్క పని చేస్తే విషం భయం చాలావరకు తగ్గుతుంది.

కాలం చూసుకోండి. వానకు వేసిన పంట అక్టోబరు, నవంబరుల్లో పీకుతారు. బోర్ల కింద యాసంగి పంట మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. డిసెంబరు, జనవరిలో ఒకసారి, ఏప్రిల్, మేలో ఒకసారి ఆడించుకుంటే ఏడాది సరిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో దొరికే నూనె చాలావరకు పాత నిల్వదే. కదిరి పరిశోధన కేంద్రం వాళ్ల కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు ఇక్కడ ఎక్కువగా వేస్తారు. ఏ రకమైనా ఫరవాలేదు, ఆరబెట్టడం ముఖ్యం.

గానుగ దగ్గర నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వాయికి 15 నుంచి 20 కిలోలు పోస్తారు, గంట వరకు పడుతుంది. నూనె ఊరడానికి మధ్యలో కాస్త నీళ్లు చిలకరిస్తారు, అది తప్పు కాదు. ఎక్కువ పోస్తేనే ఇబ్బంది: ఆ తడి నూనెలో మిగిలి నెలలోపే వాసన పట్టిస్తుంది. మీ వాయికన్నా ముందు ఏం ఆడారో అడగండి. నువ్వులో కొబ్బరో ఆడి ఉంటే మొదట దిగే కొద్ది నూనె వేరుగా పట్టమనండి. ఇంటికి తెచ్చాక మూతకు బదులు పలుచటి గుడ్డ కట్టి మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైనుంచి మెల్లగా ఒంపి, నాలుగు మడతల గుడ్డలో వడపోసి, తడి లేని స్టీలు క్యానుల్లోనో గాజు సీసాల్లోనో నింపి చీకట్లో పెట్టండి. మూత తీయనిది ఆరు నెలలు, తీసింది రెండు నెలల్లో వాడేయండి. గరిటెడు నూనె పొడి మూకుడులో కాచి చూస్తే చిటపటలాడినా నురగ పొంగినా ఇంకా తడి, మడ్డి ఉన్నట్టు; మళ్లీ తేర్చండి. వడలు, బజ్జీలు వేసేటప్పుడు సన్నటి మంట చాలు, దీనికి రిఫైన్డ్ నూనె కన్నా ముందే పొగ వస్తుంది.

వాసన గురించి ఒక మాట. ఘుమఘుమలాడితే అసలుదనుకుంటారు. పప్పు వేయించి ఎక్స్‌పెల్లర్ అనే ఇనుప యంత్రంలో ఆడితే ఆ ఘుమఘుమ ఇంకా ఎక్కువ వస్తుంది. గానుగ నూనెకు పచ్చి చెనిగిత్తనాల వాసన తేలిగ్గా ఉంటుంది, అంతే. ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టిందా అని చూసే పరీక్షనూ నమ్మొద్దు. చెనిగ నూనె కూడా మబ్బుగా చిక్కబడుతుంది, పామాయిలూ చిక్కబడుతుంది. నిజంగా తేల్చుకోవాలంటే ల్యాబులో బెల్లియర్ పరీక్ష, అంటే ఏ ఉష్ణోగ్రత దగ్గర మబ్బుగా మారుతుందో చూసే పరీక్ష, చేయించాలి. చెనిగ నూనెకు ఆ ఉష్ణోగ్రత 39 నుంచి 41 డిగ్రీల మధ్య రావాలి. అఫ్లాటాక్సిన్ కూడా కలిపి అడగండి. ఇంకా శుద్ధి చేయాల్సిన నూనెగింజలకు మన ఆహార భద్రత నిబంధనల పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు. ఒక్క కుటుంబానికి ఈ ఖర్చు ఎక్కువే. పది ఇళ్లు కలిసి రెండు క్వింటాళ్ల కాయలు ఒకే రైతు దగ్గర కొంటే ఒక నమూనా పంపడం భారం కాదు.

అదే గానుగ దుకాణంలో కొబ్బరి నూనె, ఆవనూనె, బాదం నూనె కూడా వరుసగా పేర్చి ఉంటాయి. ఆడింది ఇక్కడే కావచ్చు, గింజ ఈ నేలది కాదు. కొబ్బరి తిప్టూరు నుంచో కోనసీమ నుంచో వస్తుంది. ఇక్కడి నేల, ఇక్కడి వాన ఇచ్చేవే కావాలంటే చెనిగ నూనె, నువ్వుల నూనె, నల్లరేగడి వైపు పండే కుసుమ నూనె. మీకు నేల మీద శ్రద్ధ ఉంటే ఇది గుర్తుపెట్టుకోవాల్సిన తేడా. సరాసరి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల ఇది. బోరు తోడి పండించిన వరికన్నా వానకు పండిన కొర్ర, జొన్న, కంది కొంటే ఆ రైతుకూ మేలు, భూగర్భ నీటికీ మేలు.

ఇక కొర్రలు. బియ్యంగా పట్టించిన కొర్రల్ని ఏడాదికి సరిపడా కొనకండి. పొట్టుతో ఉన్న కొర్ర ధాన్యం పురుగు పట్టకుండా ఏళ్ల తరబడి నిలుస్తుంది. పొట్టు తీసి తవుడు మిగిల్చిన బియ్యం రెండు మూడు నెలలకే చేదెక్కుతుంది, ఎందుకంటే ఆ తవుడులో నూనె ఉంటుంది. దుకాణాల వాళ్లు పాలిష్ పట్టేది అందుకే, ఆరు నెలలు అరల్లో ఉన్నా చెడదని. కానీ మీరు ఎక్కువ ధర పెట్టి కొర్ర కొనేది ఆ తవుడు కోసమే కదా. అరచేతిలో పోసి గట్టిగా నలిపి చూడండి: పాలిష్ పట్టనిది చేతికి సన్నటి పొడి అంటిస్తుంది, గింజ మెరవదు, మధ్యలో అక్కడక్కడా పొట్టు వదలనివి కనిపిస్తాయి. నున్నగా, తళతళలాడుతూ, అన్నీ ఒకే పసుపులో ఉంటే పాలిష్ పట్టిందే. కడిగిన నీళ్లు కొంచెం మబ్బుగా ఉండటం సహజం, చిక్కటి పసుపు రంగు దిగితే తిరిగిచ్చేయండి.

ధర లెక్క దీనికీ ఉంది. కిలో కొర్ర ధాన్యానికి 650 నుంచి 700 గ్రాముల బియ్యం వస్తుంది. ధాన్యం కిలో 40 ఉంటే పట్టుకూలి కాకుండానే బియ్యం కిలో 57 నుంచి 62 పడుతుంది. నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సూర్యనంది రకం రైతుల దగ్గర బాగా దొరుకుతుంది. రెండు నెలలకు సరిపడా పట్టించుకోండి. ఇంటికి తేగానే ఎండలో కాదు, నీడలో పలుచగా ఆరబోసి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. వండే ముందు రాళ్లు గాలించడం తప్పదు, కల్లంలో నూర్చిన సరుకులో ఇసుక ఉంటుంది. తర్వాత కనీసం నాలుగైదు గంటలు నానాలి. నానకుండా వండి "గట్టిగా ఉన్నాయి, కడుపు ఉబ్బింది" అనేవాళ్లే ఎక్కువ.

సామలు, ఊదలు ఒకదానిలో ఒకటి కలిపేస్తారు, కొత్తవాళ్లకు తేడా తెలియదు. అందుకే మొదటిసారి రెండూ పక్కపక్కన పెట్టించి చూసి కొనండి. అండుకొర్రలు మడకశిర వైపు పాతకాలం నుంచీ పండిస్తున్నారు, అటు నుంచి వచ్చినవి అడగండి. అరికల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: కోత రోజుల్లో తడిసినవి, బూజు పట్టినవి తింటే మత్తు, తలతిరుగుడు, వాంతులు వస్తాయి. అందుకే పెద్దవాళ్లు కొత్త అరికలు వెంటనే తినరు. బాగా ఆరి, కొన్ని నెలలు నిల్వ ఉన్నవే కొనండి, ముక్కవాసన వస్తే ఎంత చౌక అయినా వద్దు. సజ్జ పిండి, జొన్న పిండి ప్యాకెట్లు కొనకండి. సజ్జ పిండి వారం పది రోజులకే చేదెక్కుతుంది. గింజలు కొని వారానికి సరిపడా పిండి మరలో పట్టించండి.

బెల్లం చూడగానే పచ్చగా, బంగారంలా ఉంటే పక్కన పెట్టండి. ఆ రంగు హైడ్రోస్ అనే గంధకపు పొడితో వస్తుంది. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములకు మించకూడదని నిబంధన. బెండ కాండం రసంతో మడ్డి తీసి వండిన బెల్లం ముదురు గోధుమ రంగులో, కొన్నిసార్లు నలుపుకు దగ్గరగా ఉంటుంది. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే చివర్లో ఉప్పగా తగిలితే సోడా పడి ఉండవచ్చు. నీళ్లలో కరిగించి నిమ్మరసం పిండినప్పుడు బుడగలు లేచినా అదే అర్థం. గ్లాసు నీళ్లలో చెంచాడు కరిగించి పది నిమిషాలు వదిలేస్తే అడుగున తెల్లటి సుద్ద దిగకూడదు. కాస్త నలక, చెరకు పీచు ఉంటే వడపోసుకోవచ్చు. కొత్త బెల్లం సంక్రాంతి నుంచి మార్చి దాకా కొని పెట్టుకోండి. రసాయనాలు వాడని బెల్లం వానాకాలంలో చెమర్చుతుంది, మెత్తబడుతుంది. అది లోపం కాదు, గుడ్డలో చుట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి.

హిందూపురం మార్కెట్ బెల్లానికీ చింతపండుకూ పేరుమోసింది. అయితే అక్కడ అమ్మేదంతా చుట్టుపక్కలదే అనుకోవద్దు, కర్ణాటక నుంచి కూడా వస్తుంది. ఊరి పేరు అడిగి కొనండి. చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొత్తది వస్తుంది. గింజ, ఈనె తీసి ఎండబెట్టినది, చేతికి మరీ తడిగా అంటనిది తీసుకోండి, తడి ఉందంటే బరువు కోసం నీళ్లు, ఉప్పు చల్లి ఉంటారు. ఏడాది నిల్వకు జాడీలో వరుసల మధ్య మీరే కొంచెం రాళ్లుప్పు వేసుకోవాలి. కాలం గడిచేకొద్దీ నల్లబడటం దాని స్వభావం.

పసుపు, కారం పొడుల్లో కొనకండి, అది ఒక్కటే నియమం. కడప జిల్లా పసుపు కొమ్ములు తెచ్చి దంచి మర పట్టించండి. కొమ్ము విరిస్తే లోపల గట్టిగా, ముదురు నారింజ రంగులో ఉండాలి. బయట మరీ మెరిసే పచ్చదనం చేతికి అంటితే రంగు పూసినట్టు. మిరపకాయలు ఎండలో ఆరినవి, తొడిమ ఉన్నవి, విరిస్తే లోపల నల్లటి బూజు లేనివి చూసుకోండి.

తేనె విషయంలో నీళ్లలో వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం వంటివి ఏవీ తేల్చవు. చక్కెర పాకం కూడా వాటిలో నెగ్గుతుంది. నల్లమల చెంచుల తేనె గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతుంది, అక్కడ కొనడమే సులువు. గడ్డకట్టిందని పారేయకండి, గోరువెచ్చని నీళ్లలో సీసా ఉంచితే కరుగుతుంది.

ముద్రల గురించి. ప్యాకెట్ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. 2తో మొదలైతే చిన్న తయారీదారు రిజిస్ట్రేషన్, 1తో మొదలైతే లైసెన్సు. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఆ నంబరు కొట్టి పేరు సరిపోయిందో చూసుకోవచ్చు. ఆ నంబరు ఉందంటే సేంద్రియమని కాదు. దానికి ఇండియా ఆర్గానిక్ గుర్తు గానీ, రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ ఇండియా గుర్తు గానీ చూడాలి. పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఆ పొలం ఇంకా మారే దశలో ఉందని అర్థం. అలాంటి రైతుల దగ్గర కొనడం తప్పేమీ కాదు, ఆ రెండు మూడేళ్లే వాళ్లకు కష్టకాలం. ప్రకృతి వ్యవసాయం చేసే చిన్న రైతుల్లో చాలామందికి ఏ ముద్రా ఉండదు. వాళ్ల గురించి ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి, ఎవరు నిజంగా చేస్తున్నారో అక్కడివాళ్లకు తెలుసు.

ఎక్కడ కొనాలంటే, నా వరుస ఇది. చిరుధాన్యాలకు ముందు చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థను చూడండి. 1990 నుంచి ఆ ప్రాంతంలో పనిచేస్తున్నారు, వాళ్ల ధరణి సహకార సంఘంలో రైతులే సభ్యులు, ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఆ ఊరు ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, అనంతపురం నుంచి బెంగళూరు దారిలోనే. చెనిక్కాయలకు నేరుగా రైతు, నవంబరులో. జొన్నలు, శనగలు, ధనియాలు నల్లరేగడి ఊళ్ల వైపు వెళ్లినప్పుడు. కూరగాయలకు రైతు బజారు, ఉదయం ఎనిమిది లోపు వెళితే రైతు తెచ్చింది దొరుకుతుంది, ఆ తర్వాత మారుబేరగాళ్లు ఎక్కువ.

వండి అమ్మేవాటిలో ఎండు జొన్న రొట్టెలు, నిప్పట్లు, చెనిక్కాయ పొడి డ్వాక్రా సంఘాల ఆడవాళ్ల దగ్గర బాగుంటాయి. రొట్టెల్లో నూనె ఉండదు కాబట్టి తడి తగలకపోతే నెల రోజులు నిలుస్తాయి. మధ్యలో వంగితే సరిగా కాలలేదని అర్థం. నిప్పట్లు ఏ నూనెలో వేయించారో, ఎన్నిసార్లు వాడిన నూనెనో అడగడానికి మొహమాటపడకండి. పండగ వారంలో కాకుండా మామూలు రోజుల్లో రెండు రోజుల ముందు ఫోన్ చేసి ఆర్డర్ ఇస్తే తాజాగా చేసిపెడతారు, మీ డబ్బాలు మీరు తీసుకెళితే ప్లాస్టిక్ కవర్ల ఖర్చు వాళ్లకూ తప్పుతుంది. ధర తగ్గించమని బేరం ఆడే బదులు నెలనెలా ఇంత తీసుకుంటామని ముందే చెప్పండి. వాళ్లకు పప్పులు, పిండి టోకున కొనే వీలు కుదురుతుంది, మీకు ధర దానంతటదే దిగుతుంది.